అల్లుడి కథలో కూతురు ఎక్కడ?

మేము కర్నూలు జిల్లా తండాల్లో పుట్టిన సుగాలీలం. ఇంట్లో గోర్ బోలి మాట్లాడాం, బళ్లో తెలుగు చదివాం. బళ్లో సాహిత్యమంటే కవి పేరు, కాలం, ఛందస్సు, అలంకారం. పరీక్షకు అవి చాలు. కానీ ఒక కథలో ఎన్ని బతుకులు ఉంటాయి, ఎవరి బతుకు చెప్పకుండా మిగిలిపోతుంది అని అడగడం ఆ పాఠాల్లో లేదు. ఎట్లా అడగాలో మన సీమ కథతోనే చూద్దాం.

అహోబిలం నరసింహస్వామి, చెంచులక్ష్మి కథ ఈ పక్క పల్లెల్లో తెలియనివాళ్లు అరుదు. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన స్వామి కోపం చల్లారక నల్లమలలో తిరుగుతూ చెంచు పిల్లను చూసి శాంతించాడు, పెళ్లాడాడు. అహోబిల మఠం ఏడవ జియ్యరు దీన్ని 'వాసంతికా పరిణయం' అనే సంస్కృత నాటకంగా రాశారు. 1943లో, మళ్లీ 1958లో 'చెంచులక్ష్మి' పేరుతో తెలుగు సినిమాలు వచ్చాయి. ఏటా సంక్రాంతికి పారువేట మొదలై, స్వామి పల్లకి సుమారు 40 రోజులు ఊరూరా తిరుగుతుంది. తన పెళ్లికి జనాన్ని పిలవడానికి స్వామి వస్తాడని నమ్మకం.

కథ ఒక్కటే. భక్తుడికి అది దేవుడి దయ. సినిమా చూసినవాడికి ప్రేమ కథ. చరిత్ర చదివినవాడికి గుడి, అడవి ఒకటైన తీరు. చెంచులకు మాత్రం అది చుట్టరికం. ఓబులేసుడు వాళ్ల ఇంటి అల్లుడు. పారువేటలో చెంచులు పల్లకి వైపు బాణాలు వేసే ఆచారం ఉంది. దేవుడికి దండం ఎవరైనా పెడతారు. ఆ చనువు పిల్లనిచ్చినవాళ్లకే ఉంటుంది.

కడపలోనూ ఇట్లాంటి చుట్టరికం ఉంది. వెంకటేశ్వరస్వామి బీబీ నాంచారిని పెళ్లాడాడని నమ్మే ముస్లింలు ఉగాది నాడు దేవుని కడప గుడికి వస్తారు. స్వామి తమ అల్లుడంటారు. గుడికి దూరమనుకున్న జనాలు 'అల్లుడు' అనే ఒక్క మాటతో లోపలికి వచ్చారు. ఆ మాటలో ప్రేమ ఉంది, హక్కు కూడా ఉంది. అల్లుడికి మర్యాద చేస్తాం, పిల్లనిచ్చిన ఇంటిని అతను మరవకూడదనీ అనుకుంటాం. అందుకే ఇంకో మాట కూడా అడగాలి. పిల్లనిచ్చిన చెంచులకు ఏమి దక్కింది? ప్రభుత్వం వాళ్లను ఆదిమ గిరిజన తెగగా గుర్తించింది. తరతరాలుగా బతికిన అడవి మీద వాళ్ల హక్కును చట్టం ఒప్పుకున్నది 2006లోనే.

మా తండా నుంచి చూస్తే ఈ కథలో మరో ప్రశ్న కనిపిస్తుంది. మా పెళ్లిళ్లలో పిల్లను అత్తగారింటికి పంపేటప్పుడు పెళ్లికూతురే ఏడుస్తూ పాడుతుంది. దాన్ని ఢావ్లో అంటాం. అమ్మానాన్నలను, అన్నదమ్ములను, తండాను తలచుకొని పాడుతుంది. ఆ గొంతు వినకుండా ఆమెను సాగనంపరు. చెంచులక్ష్మి కథలో స్వామి కోపం వింటాం, మోహం వింటాం, ఊరేగింపు చూస్తాం. గూడెం విడిచిన పిల్ల ఏమనుకుంది? తేనె తీసిన కొండలు, వెంట తిరిగిన కుక్క ఆమెకు గుర్తుకు రాలేదా? ఇట్లా అడగడం దేవుణ్ణి తప్పు పట్టడం కాదు. కథను పూర్తిగా చదవడం.

కరువు కథలకూ ఇదే చూపు కావాలి. వానలు లేని ఏడు మా తండాల నుంచి జనం గుంటూరు వైపు మిరప కోతకు పోతారు. వలస కథ చదివేటప్పుడు కూలి లెక్కతో ఆగకండి. ఇంటి కాపలాకు మిగిలిన ముసలమ్మ, బడి మానిన పిల్ల ఆ కథలో ఉన్నారో లేదో చూడండి.

తెలుగులో 'మేము' వేరు, 'మనం' వేరు. పాఠ్యపుస్తకం 'మనం' అన్నప్పుడు అందులో తండా, గూడెం ఉన్నాయా అని చూసుకోవాలి. లేకపోతే మనమే రాయాలి. తెలంగాణ బంజారా రచయిత రమేశ్ కార్తీక్ నాయక్ తన కథల పుస్తకానికి 'ఢావ్లో' అనే పేరే పెట్టారు. 2024లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. పెళ్లికూతురి ఏడుపు తెలుగు పుస్తకానికి పేరయింది.

అయ్యవార్లకు ఒక మనవి. ఏ పాఠం చెప్పినా నాలుగు ప్రశ్నలు వేయండి. ఈ కథ ఎవరు చెబుతున్నారు? ఎవరు మాట్లాడలేదు? ఎవరికి ఏమి దక్కింది, ఎవరు ఏమి పోగొట్టుకున్నారు? మీ ఇంట్లో ఇట్లాంటి కథ ఎట్లా చెబుతారు? చివరి ప్రశ్నకు జవాబు గైడులో ఉండదు. పిల్లలు ఇంటికి పోయి అవ్వను అడగాల్సిందే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ పని తొందరగా చేయండి. పెళ్లిళ్లకు డీజేలు వచ్చాయి. ఢావ్లో పాడగలిగిన అవ్వలు తగ్గిపోతున్నారు. మనకు లిపి లేదని ఆగొద్దు. విన్నది విన్నట్టు తెలుగు అక్షరాల్లో రాసి, కింద అర్థం రాయండి. పాడిన అవ్వ పేరు, తండా పేరు, తేదీ వేయడం మరవకండి.