వ్రాతకు రెండవ ఇల్లు

నోటిమాట నీటిమూట వంటిది, వ్రాత నిలుచునది. ఈ నమ్మకముతోనే మానవుడు తాను మరువరాని విషయముల నెల్ల ఎచటనో ఒకచోట వ్రాసి పెట్టుకొనుచు వచ్చినాడు. కాని వ్రాతకును ఒక శరీరము కలదు. అది తాటియాకు కావచ్చును, రాయి కావచ్చును, కాగితము కావచ్చును, నేటి చేతిఫోను కావచ్చును. ఆ శరీరమునకు ఆపద వచ్చినచో వ్రాతయు దానితోపాటు నశించును. కావున వ్రాయ నేర్చిన ప్రతి తరమును మరియొక విద్యను కూడ నేర్వవలసి వచ్చినది. వ్రాసినదానిని వేరొకచోటికి చేర్చుటయు, చేర్చిన పిమ్మట రెండుచోట్లను ఒకే మాట యుండునట్లు చూచుటయు ఆ విద్యలోని రెండు భాగములు. మొదటిది సులభము, రెండవది కష్టము.

తెలుగునాట పూర్వము గంటముతో తాటియాకులపై వ్రాసి, అక్షరములు కనబడుటకై మసి పూసెడివారు. ఆకులకు చెదలును, తేమయు, నిప్పును శత్రువులు. ఆకు శిథిలము కాకమునుపే ఎవరో ఒకరు క్రొత్త ఆకులపై ప్రతి వ్రాసినచో గ్రంథము బ్రదికెడిది. లేనిచో పేరు మాత్రము మిగిలెడిది. ప్రాచీనకావ్యములు నేటివరకు వచ్చినవన్నచో, నడుమ ఎందరో పేరు తెలియని లేఖకులు నడుము వంచి ప్రతులు వ్రాసినందువలననే.

రాయి ఆకుకంటె గట్టిది. తొమ్మిదవ శతాబ్దమున చెక్కిన పండరంగని అద్దంకి శాసనము వేయి యేండ్లు దాటియు నిలిచియున్నది. అయినను రాతికిని శత్రువు లేకపోలేదు. గుంటూరు సీమలో కృష్ణానది ఒడ్డున, అమరావతి యందు గొప్ప బౌద్ధస్తూప ముండెడిది. పదునెనిమిదవ శతాబ్దపు చివరి యేండ్లలో జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అచట పట్టణము కట్టించుచుండగా, దిబ్బనుండి శిల్పఫలకములు బయల్పడెను. పెక్కు రాళ్లు క్రొత్త కట్టడములలోనికి పోయెను. ఆ కాలముననే ఆ చోటును చూచిన కాలిన్ మెకంజీ అను సర్వేయరు 1816లో తన చిత్రకారులతో తిరిగి వచ్చి, కనబడిన ఫలకములను కాగితముపై శ్రద్ధగా చిత్రింపజేసెను. ఆ ఫలకములలో కొన్నిటి జాడ తరువాత తెలియలేదు. వాని చిత్రములు మాత్రము లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో నేటికిని కలవు. రాయి పోయినది, కాగితము మిగిలినది. కాగితము వేరొకచోట నుండుటయే దీనికి కారణము.

అయితే ప్రతులు పెరిగిన కొలది మరియొక చిక్కు పుట్టును. చార్లెస్ ఫిలిప్ బ్రౌను వేమన పద్యములను సేకరింప బూనినపుడు ఈ చిక్కు ఎదురయ్యెను. ఊరూరినుండి తెప్పించిన వ్రాతప్రతులలో పద్యముల సంఖ్య ఒకటి కాదు, వరుస ఒకటి కాదు, మాటలును ఒకటి కావు. ఏది వేమన పలికినదో, ఏది లేఖకుడు చేర్చినదో తెలియుట యెట్లు? బ్రౌను తొందరపడి ఒక ప్రతిని నమ్మి తక్కినవానిని పారవేయలేదు. పండితులను, లేఖకులను తన సొంత ధనముతో నియమించి, ప్రతులను ఒకదాని ప్రక్క నొకటి పెట్టి చదివించి, భేదములను గుర్తింపజేసెను. 1829లో ఆయన వేమన పద్యములను అచ్చువేయించెను. ప్రతులను కూర్చుట ఎంత పనియో, కూర్చినవానిని సరిపోల్చుట అంతకుమించిన పని యని ఆయన శ్రమ తెలుపుచున్నది.

ఇట్టి సరిపోల్చుట పల్లెకు క్రొత్తదియు కాదు. కరణము తన యింట అడంగలు మొదలగు గ్రామలెక్కలు వ్రాసెడివాడు. ఏ పొలము ఎవరిది, అందేమి పైరున్నది, శిస్తెంత అను సంగతులు వానిలో నుండెడివి. ఏటేట జమాబంది జరిగెడిది. అధికారి గ్రామలెక్కలను తాలూకా కచేరి లెక్కలతో సరిచూచి, భేదమున్నచోట విచారించి సరిచేయించెడివాడు. 1984లో కరణీకము రద్దయ్యెను. 2015లో ప్రభుత్వము ‘మీభూమి’ అను వెబ్‌సైటును తెరువగా, రైతు తన అడంగలును ఇంటియొద్దనే చూచుకొను వీలు కలిగెను. పుస్తకము పోయి తెర వచ్చినది. రెండు లెక్కలు ఒకటిగా నుండవలెనను ధర్మము మాత్రము మారలేదు.

చిలకలూరిపేట ప్రాంతమున నల్లరేగడి పొలమును కౌలుకు చేయు ఒక రైతు కలడు. ప్రత్తియు మిరపయు ఆయన పైరులు. ప్రత్తిగింజ నాటిన తేదీ, మిరపనారు పోసిన తేదీ, కొన్న విత్తనపు రకము, కొట్టిన మందు, కూలీలకిచ్చిన డబ్బు, కమిషను వ్యాపారి యొద్ద తెచ్చిన పెట్టుబడి, యార్డులో ఎన్ని టిక్కీలు ఏ ధరకు పోయెనో ఆ లెక్క – ఇవి యన్నియు ఆయన చేతిఫోనులో వ్రాసికొనెడివాడు. 2021 ఖరీఫు పంటలో మిరపతోటలపై నల్లతామరపురుగు విరుచుకుపడినపుడు, అది తన తోటలో మొదట ఏ మూల కనబడెనో, ఏ మందుకు లొంగలేదో కూడ వ్రాసి పెట్టుకొనెను. అనుభవము డబ్బుకంటె విలువైనదని ఆయనకు తెలియును.

ఒకనాడు కాలువలో మోటారు సరిచేయుచుండగా ఆ ఫోను జేబునుండి జారి నీట పడెను. మరల అది పలుకలేదు. ఫోను వెల పెద్దది కాదు. అందలి నాలుగేండ్ల లెక్కకు మాత్రము వెల లేదు. సంవత్సరాంతమున లెక్కలు తేల్చుకొనుటకు వెళ్లినపుడు ఆయనయెదుట వ్యాపారి పుస్తక మొక్కటియే యుండెను. వ్యాపారి మోసగాడని ఎవ్వరును అనజాలరు. కాని నడుమ ఇచ్చిన ఒక మొత్తము తీరినదా లేదా యని సందేహము వచ్చినపుడు, రైతుకు చూపుటకు ఏమియు లేకపోయెను. ఆయన తల వంచుకొని పుస్తకములో నున్నంతయు ఒప్పుకొనెను. లెక్క ఎవరియొద్ద నుండునో మాటయు వారిదే యగును. పేదవాని వ్రాతకు రెండవ ఇల్లు లేకున్న, వాని మాటకు నిలువ నీడ యుండదు.

ఆయన కుమార్తె గుంటూరులో కళాశాల విద్యార్థిని. క్రొత్త ఫోను కొన్న దినమున ఆమె, “నాన్నా, ఇకమీదట నీ లెక్కలు ఫోనులో మాత్రమే ఉంచవలదు. క్లౌడులో కూడ దాచెదము” అని చెప్పెను.

“క్లౌడనగా మబ్బు కదటమ్మా! మబ్బులో దాచినచో వానకు కారిపోవునేమో” అని ఆయన నవ్వెను.

“మబ్బు పేరు మాత్రమే నాన్నా. అదియు ఒక గిడ్డంగియే. మన మిరపకాయలు శీతలగిడ్డంగిలో పెట్టి చీటి తెచ్చుకొనుట లేదా? అటువంటిదే.”

ఆమె చెప్పిన పోలిక తగినదే. క్లౌడనునది ఆకాశమున లేదు. అది వేలకొలది కంప్యూటర్లుండు పెద్ద భవనము. అట్టి కేంద్రములు ముంబయి, చెన్నై, హైదరాబాదు నగరములందును కలవు. అందు విద్యుత్తు ఆగకుండుటకును, యంత్రములు వేడెక్కకుండుటకును రేయింబవళ్లు కాపు ఉండును. ఒక యంత్రము చెడినను వ్రాత పోకుండుటకై ఒకే వ్రాతను ఒకటికి మించిన యంత్రములలో నుంచుదురు. రైతు ఫోనులో ఒక వాక్యము వ్రాయగానే, ఇంటర్నెట్టు ఉన్నచో అది గిడ్డంగికి పోవును. అచటినుండి గుంటూరులోని కుమార్తె కంప్యూటరునకు వచ్చును. పొలములో సిగ్నలు లేనిచో, ఆ మార్పు ఫోనులోనే వేచియుండి, రోడ్డు మీదికి రాగానే బయలుదేరును. ఈ విధముగా పలుచోట్ల నున్న ప్రతులను ఒకటిగా చేయుటనే సింకు అందురు. జమాబంది ఏటికొకమారు, సింకు క్షణక్షణమును జరుగు జమాబంది.

కాని యంత్రమునకు తెలియని దొకటి కలదు. ఒకనాడు సిగ్నలు లేని పొలములో తండ్రి ఒక పద్దును సరిచేసెను. అదే సమయమున గుంటూరులో కుమార్తె అదే పద్దును వేరొక విధముగా సరిచేసెను. సాయంకాలము రెండు మార్పులును గిడ్డంగి వాకిట కలిసికొనెను. కొన్ని యాపులు ఇట్టిచోట రెంటిని నిలిపి ఉంచును. మరికొన్ని చివర వచ్చినదానిని ఉంచి, మొదటిదానిని చెప్పకయే తుడిచివేయును. అదృష్టవశమున వారి యాపు రెంటిని ఉంచెను. “కూలి పదునారు మందికి” అని తండ్రి, “పదునాలుగు మందికి” అని కుమార్తె. యంత్రమునకు రెండును అంకెలే. ఆ దినమున పొలమున నిలుచుండి కూలి యిచ్చినది తండ్రి. కావున ఆయన మాటయే ఉంచిరి. బ్రౌను దొర పండితులు చేసిన పనియే ఆ తండ్రీకూతుళ్లు వీధి అరుగుపై కూర్చుండి చేసిరి. ఏది నిజమో తేల్చువాడు మనుష్యుడే.

ఇంకొక సంగతియు విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. సింకు వేరు, భద్రపరచుట వేరు. సింకు నమ్మకమైన సేవకుని వంటిది. మంచి చెప్పినను చెడు చెప్పినను తలయూచును. ఒక ఫోనులో పొరపాటున ఒక పుటను తుడిచివేసినచో, అది అన్ని ఫోనులనుండియు, గిడ్డంగినుండియు తొలగిపోవును. పెక్కు యాపులలో తుడిచినది ముప్పది దినముల వరకు చెత్తబుట్టలో నుండును. గడువు దాటిన పిమ్మట దొరకదు. కావున సింకు కానిది, కదలనిది, తేదీ వేసినది ఒక ప్రతి వేరుగా నుండవలెను. అది కంప్యూటరులోని మరియొక డబ్బా కావచ్చును, పెన్‌డ్రైవు కావచ్చును, అచ్చుతీసి పెట్టెలో పెట్టిన కాగితము కావచ్చును.

పాత వ్రాతలను క్రొత్తచోటికి చేర్చునపుడును ఓర్పు కావలెను. చేర్చిన వెంటనే పాతవానిని పారవేయరాదు. ఎన్ని పుటలు పోయెను, ఎన్ని చేరెను అని లెక్కింపవలెను. తేదీలు మారెనా, బొమ్మలు జారెనా, తెలుగక్షరములు చక్కగా కనబడుచున్నవా అని నాలుగైదు పుటలు తెరచి చదువవలెను. వ్రాతలు ఒక్క యాపులో తప్ప మరెచటను తెరచుకొననట్టి రూపమున నుంచుట, తాళముచెవి పొరుగువాని కిచ్చి తన యింట కాపురముండుట వంటిది. సాదా అక్షరరూపమున నున్న వ్రాత ఏ యంత్రములోనైనను తెరచుకొనును.

గిడ్డంగి యెంత గొప్పదైనను అది పరుల యిల్లే యనియు మరువరాదు. 2023 అక్టోబరులో, అమరావతి చిత్రములున్న ఆ బ్రిటిష్ లైబ్రరీ కంప్యూటర్లపై దుండగులు దాడి చేసిరి. గ్రంథముల పట్టికయే 2024 జనవరి వరకు ప్రజలకు అందలేదు. తెరపై చూపు బొమ్మలు మరుగుపడినను, మెకంజీ చిత్రకారులు చేతితో వ్రాసిన కాగితములు అలమారులలో అట్లే యుండెను. వెనుక రాతిని కాగితము కాపాడినది. ఇపుడు తెర చీకటిపడగా కాగితమే నిలిచినది. ఏ యిల్లును శాశ్వతము కాదు. ఒకే సమయమున అన్ని యిండ్లును కూలకుండునట్లు చూచుటయే వివేకము.

ఆ యింటి తాళముచెవి పాస్‌వర్డు. దానిని ఊరందరికి తెలిసిన పేరుతోనో, పుట్టిన తేదీతోనో పెట్టరాదు, అడిగినవారికెల్ల చెప్పరాదు. అట్లని ఒక్కని గుండెలోనే దాచుటయు ప్రమాదమే. ఆ రైతు తన పాస్‌వర్డును ఒక కాగితముపై వ్రాసి, మడిచి, కౌలు కాగితములుండు ఇనుపపెట్టెలో పెట్టి, ఆ సంగతి భార్యకు చెప్పెను. కొన్ని సంస్థలు రెండేండ్లు తెరవని ఖాతాలను తొలగించుచున్నవని విని, కుమార్తె నెలకొకమారు దానిని తెరచి చూచుచుండును.

మరుసటి యేడు మిరప తూకము ముగిసిన దినమున, ఆ రైతు కమిషను దుకాణములో తన ఫోను తీసి పుస్తకము ప్రక్కన పెట్టెను. రెండు లెక్కలును వరుసగా చదివిరి. ఒకచోట భేదము వచ్చినది. వ్యాపారి కాటా చీటీలు తీయించి చూచి, “మీదే సరి” అని తన పుస్తకములో దిద్దెను. ఇరువురిలో ఎవ్వరును గొంతు పెంచలేదు. రెండుచోట్ల వ్రాత యున్నచోట పొరపాటు పొరపాటుగానే యుండును; అది అన్యాయముగా మారుటకు అవకాశముండదు. ఈ మైదానమున ప్రతి యింటిలోను నేడు వ్రాతలు కలవు – పిల్లల పాఠములు, తల్లుల పొదుపుసంఘపు పద్దులు, తాతలు చెప్పిన ఊరిముచ్చట్లు. వానిలో ఏది పోయినచో మరల దొరకదో దానిని ముందుగా గుర్తించి, నేడే రెండవ యింటికి చేర్చువాడు వివేకి.