ఒరిగిన పడవలో చోటు

మా మేనకోడలు ఇంగ్లండులో నర్సు. క్రిందటి క్రిస్మసుకు సెలవు మీద వచ్చినప్పుడు, "మామయ్యా, తెరచాపల పందెం పడవలో అట్లాంటిక్ సముద్రం దాటాను" అన్నది. చెరువులో పుట్టి కూడా ఎక్కని పిల్ల! నేను మొదట నమ్మలేదు.

ఎక్కడా ఆగకుండా ఒంటరిగా తెరచాప పడవలో ప్రపంచమంతా చుట్టి 1969లో ఇల్లు చేరిన మొదటి మనిషి రాబిన్ నాక్స్‌-జాన్‌స్టన్. ఆ పడవ 'సుహైలీ'ని కట్టింది మన బొంబాయిలోనే. తరువాత ఆయన పూనుకొని ఆరంభించిన ప్రపంచ పందెం 1996లో మొదలైంది. నావికులు కానివారే, అంటే ఉపాధ్యాయులు, నర్సులు, వ్యాపారులు డబ్బు కట్టి, తర్ఫీదు పొంది అందులో ఎక్కుతారు. 70 అడుగుల పడవలో ఇంచుమించు ఇరవైమంది. మా పిల్ల ఎక్కినది అలాంటి పడవే.

గాలికి ఆ పడవ ఒక ప్రక్కకు ఒరిగే పోతుందట. లేచి నిలబడాలన్నా ఏదో ఒకటి పట్టుకోవాలి. పొయ్యిని మాత్రం ఉయ్యాలలా వ్రేలాడదీస్తారు గనుక గిన్నె తిన్నగా నిలుస్తుంది. మనుషులు రెండు జట్లు. ఒక జట్టు పనిలో ఉంటే రెండవది నిద్రలో ఉంటుంది. రాత్రివేళ నాలుగేసి గంటలకు వంతు మారుతుంది. ఒకరు లేచిన పడకలో వెచ్చదనం ఆరకముందే మరొకరు పడుకోవాలి.

మొదటి మూడు రోజులు ఆమెకు వాంతులే. "ఇంటికి పోదామనిపించింది మామయ్యా. సముద్రం మధ్యలో దిగేదెక్కడ?" అన్నది. పడవ నాయకుడు ఆమెకు బుద్ధులేమీ చెప్పలేదు. పైకి పిలిచి, నడుము పట్టీని పడవకు తగిలించి, చుక్కాని చక్రం చేతికిచ్చాడు. ఆకాశము, నీళ్లు కలిసే గీతను చూస్తూ నడపమన్నాడు. చేతికి పని, కంటికి కదలని గీత దొరికేసరికి కడుపు కుదుటపడింది. ఆ సాయంత్రం ఆమే అడిగి బంగాళాదుంపలు ఒలిచింది.

"సముద్రం నెమ్మదించలేదు మామయ్యా. నాకొక చోటు దొరికింది, అంతే."

ఆ మాట నాకు గుచ్చుకున్నది. అప్పటికి మా తమ్ముని భార్య పుట్టింటికి వెళ్లి నలభై రోజులైంది. పెండ్లయి అయిదు నెలలే. "ఆ పిల్ల సర్దుకోదు" అని ఇంట్లో అందరి మాట. ఊళ్లో ఎన్నో కాపురాలు దిద్దినవాణ్ణి గదా, నేను ఆమెకు గంటసేపు హితబోధ చేశాను. కాని ఏడుగురమున్న ఇంట్లో ఆమె బట్టలకు ఒక మూల చూపలేదు. "ఈ పని నీది" అని ఒక్కటీ అప్పగించలేదు. ఒరిగిన పడవలో తూలుతున్నదని నవ్వామే గాని, పట్టుకొనడానికి చేయి ఇవ్వలేదు.

ఆ ఆదివారం ఆరాధన కాగానే నేను, నా భార్య బస్సెక్కి వాళ్ల ఊరు వెళ్లాము. దారిలో కూర్చుకున్న మాటలు ఒక్కటీ నోట రాలేదు. "తప్పు మాది, అమ్మా" అన్నాను. ఆమె వెంటనే రాలేదు. రెండు వారాలకు తమ్మునితో వచ్చింది. నా భార్య బీరువాలో రెండు అరలు ఖాళీ చేసి, తాళంచెవి ఆమె చేతికిచ్చింది. పాల లెక్క ఇక నీదే అన్నది. మొదటి నెల లెక్క తప్పింది. ఎవరమూ ఏమీ అనలేదు.

ప్రియ చదువరులారా, మీ ఇంటికి గాని, మీ సంఘానికి గాని క్రొత్తగా వచ్చినవారున్నారా? సర్దుకొమ్మని చెప్పకముందు, వారికి ఒక చోటు చూపారా?