నయాపూల్‌లో ఎన్ని అక్షరాలు?

నయాపూల్ అన్న మాటలో అక్షరాలెన్ని అని బడిపిల్లవాణ్ణి అడిగితే, చివరి పొల్లును కూడా కలుపుకుని 4 అంటాడు: న, యా, పూ, ల్. యూనికోడు నడిగితే 7 అంటుంది. దానికి దీర్ఘమూ, కొమ్మూ, పొల్లూ కూడా వేరువేరు సంకేతాలే. యూటీఎఫ్-8 లెక్కలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు కనుక మొత్తం 21. మూడు జవాబులూ నిజమే. కీబోర్డు మీద మనం కొట్టినదాన్ని చదువుకునే ప్రోగ్రాము వీటిలో దేనిని నమ్ముకున్నదన్నదే అసలు ప్రశ్న. బొమ్మలూ హంగులూ లేని టెర్మినలు తెర మీద ఈ ప్రశ్న దాగదు.

టెర్మినలు పుట్టింది తెర మీద కాదు, కాగితం మీద. 1970ల తొలినాళ్ళలో యునిక్స్ వాడినవారి ముందున్నది టెలిటైపు యంత్రం. లినక్స్‌లో టెర్మినలును నేటికీ 'టీటీవై' అనడం ఆ వాసనే. కాగితం మీద పడ్డ అక్షరాన్ని చెరపలేము గనుక, హాష్ గుర్తు కొడితే 'వెనుకటి అక్షరం లేదనుకో' అనీ, ఎట్ గుర్తు కొడితే 'ఈ వరుసంతా లేదనుకో' అనీ ఏర్పాటు చేసుకున్నారు. కాగితం మీద తప్పు అలాగే ఉంటుంది. యంత్రం లోపల మాత్రం దిద్దుబాటు జరిగిపోతుంది.

నయాపూల్ వంతెన దాటి, 1920లో ప్రారంభమైన హైకోర్టు భవనం వైపు నడిచినప్పుడల్లా నాకు ఈ సంగతే తలపుకొస్తుంది. కోర్టుల ముంగిట అర్జీలు టైపు చేసేవారిలో రెండు రకాలుంటారు. ఒకరు చెప్పేవాడు వాక్యం ముగించేదాకా ఆగి, 'కాదు కాదు, అలా కాదు' అన్న సవరణలన్నీ విన్నాకే మీటల మీద వేళ్ళు వేస్తారు. మరొకరు మాట పడీ పడగానే కొట్టేస్తారు. టెర్మినలులో ఉన్న పద్ధతులూ ఇవే రెండు. కెనానికల్ పద్ధతిలో, మనం ఎంటర్ నొక్కేదాకా వరుసను కెర్నెలు తన దగ్గరే ఉంచుకుంటుంది; మనం ఏం కొట్టి ఏం చెరిపామో ప్రోగ్రాముకు తెలియనే తెలియదు. రా పద్ధతిలో, నొక్కిన ప్రతి మీటా తక్షణం ప్రోగ్రాముకు చేరుతుంది. చెరిపే బాధ్యత కూడా దానిదే. వీఐ వంటి ఎడిటర్లది ఈ రెండవ దారి.

ఇంగ్లీషులో మీట, బైటు, తెర మీది గడి, అక్షరం నాలుగూ ఒకటే. కాబట్టి ఏ పద్ధతిలోనైనా చెరపడం తేలిక. తెలుగులో ఆ నాలుగూ నాలుగు దారులు. ఒక బైటు చొప్పున చెరిపితే అక్షరం ముక్కలవుతుంది. 2004లో లినక్స్ 2.6.4తో వచ్చిన 'ఐయూటీఎఫ్8' అమరిక వల్ల కెర్నెలు ఒక సంకేతాన్ని పూర్తిగా తీసివేయడం నేర్చుకున్నది. కానీ గడుల సంగతి దానికి తెలియదు. 'నయాపూల్' కొట్టి బ్యాక్‌స్పేస్ నొక్కామనుకోండి. లోపల పోయేది పొల్లు ఒక్కటే. తెర మీద మాత్రం ఒక గడి తుడుపుడు పడుతుంది. పొల్లుకు విడిగా గడి ఇవ్వని టెర్మినళ్ళలో 'ల్' మొత్తం మాయమవుతుంది. పోయిందనుకుని మళ్ళీ 'ల్' కొడతాము. తెర మీద నయాపూల్. ఫైల్లోకి చేరేది 'నయాపూలల్'. కళ్ళముందు సరిగానే కనబడినదాన్ని ఎవరు అనుమానిస్తారు? అది ఒక నోటీసు చేరవలసిన చిరునామా అయితే?

పేరు కోసం 20 బైట్ల చోటు కేటాయించి, సి భాషలోని ఎఫ్‌గెట్స్‌తో చదివినా ఇదే గతి. ముగింపు గుర్తుకు ఒకటి పోను 19 బైట్లే లోపలికొస్తాయి. అంటే 6 సంకేతాలు, ఏడవదానిలో మూడోవంతు. పొల్లు తెగి, ఒక అనాథ బైటు మిగులుతుంది. ఇంగ్లీషులో ఏడక్షరాల ఊరు హాయిగా పట్టే చోటది.

అక్షరమంటే ఏమిటో యూనికోడు నిర్వచనమే నెమ్మదిగా మన దారికి వస్తున్నది. 2023లో వెలువడిన 15.1 వెర్షను దాకా, 'స్త్రీ' దాని సాధారణ నియమాల ప్రకారం మూడు ముక్కలు. ఆ వెర్షనులో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను విడదీయరాదన్న నియమం చేరి, అది ఒక్కటైంది. మన బడిపిల్లవాడు ఎప్పుడో చెప్పిన జవాబే!

అయితే చెరిపేటప్పుడు 'స్త్రీ' మొత్తం ఒకేసారి పోవాలా, గుడి దీర్ఘం మాత్రమే పోవాలా? గుడి ఒక్కటే తప్పయినప్పుడు మొత్తం తిరిగి కొట్టించడం శిక్షే. కనుక ముక్క చొప్పున చెరపడం నేరమని నేననను. తెర చూపేదీ, లోపల మిగిలేదీ ఒకటిగా ఉండాలి, అంతే. టెలిటైపు కాగితం మీద ఆ రెండూ వేరని అందరికీ తెలుసు గనుక ఎవరూ మోసపోలేదు. మనకు తెర ఉండి కూడా ఆ భరోసా లేదు.

ప్రోగ్రాములు రాసే మిత్రులకు ఒక మనవి. మీరు రాసినదాన్ని ఏబీసీలతో పరీక్షించి ఊరుకోకండి. పొల్లుతో ముగిసే ఒక ఊరి పేరు కొట్టండి, ఒక్కసారి చెరపండి, మళ్ళీ కొట్టండి. ఆపైన ఫైలు తెరచి బైట్లు లెక్కపెట్టండి. 21 రావాలి.