పొద్దుగూకేలోగా

బళ్ళారి నుండి హంపికి దూరం ఎక్కువేమీ కాదు. హొసపేట వరకు 60 కిలోమీటర్ల పైచిలుకు, అక్కడి నుండి మరో 13 కిలోమీటర్లు. పొద్దున బయలుదేరితే రాత్రికి ఇంటికి చేరవచ్చునని బళ్ళారిలో అందరూ అంటారు. ఆ మాట నిజమే. కాని చేరవచ్చునని అనుకోవడానికీ, క్షేమంగా చేరడానికీ మధ్య ఎంత ఆలోచన అవసరమో కౌల్‌బజారులోని ఒక కుటుంబానికి అనుభవం మీద తెలిసింది.

ఆ ఇంట్లో ఐదుగురు. నాయన జీన్సు ప్యాంట్లు కుట్టే కార్ఖానాలో పనిచేస్తాడు. అమ్మ ఇంటి వద్దనే ఆ బట్టలకు మిగులు దారాలు కత్తిరించి మడతలు పెట్టి ఇస్తుంది. పాప ఎనిమిదో తరగతి, తమ్ముడు ఐదో తరగతి. అవ్వ పుట్టిల్లు గుత్తి దగ్గర ఒక పల్లె. పెళ్ళయి బళ్ళారికి వచ్చి యాభై ఏళ్ళు దాటినా ఆమె మాటలో ఆ పల్లె అలాగే నిలిచి ఉన్నది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం వారికి అలవాటు. ఒక భాష నుండి మరొక భాషలోకి గడప దాటినంత సులువుగా వెళ్ళి వస్తారు.

అవ్వకు ఒక కోరిక ఉండేది. 2017లో కొత్త 50 రూపాయల నోటు వచ్చింది. దాని మీద హంపి రాతిరథం బొమ్మ ఉన్నది. అవ్వ ఆ నోటు ఒకటి ఖర్చుపెట్టకుండా పెట్టె అడుగున దాచుకున్నది. "కొత్త కోడలిగా వచ్చినప్పుడు విరూపాక్షస్వామిని చూపించినారు. రథం దూరం, రాళ్ళలో నడవాల, ఇంకోసారి చూద్దువులే అన్నారు. ఆ ఇంకోసారి రానే లేదు" అని ఎప్పుడైనా అనేది.

ఒక ఏడాది చలికాలంలో ఆమె కోరిక తీర్చాలని అందరూ బయలుదేరారు. పాప మేనమామ తన కారు ఒక్కరోజుకు ఇచ్చాడు. మరునాడు పొద్దున్నే అతనికి అది కావాలి. కార్ఖానాకు సెలవు ఆదివారం ఒక్కటే. కనుక ఆ ఒక్కరోజులో ఎంత వీలైతే అంత చూడాలని నాయన ఎనిమిది చోట్ల పేర్లు వ్రాశాడు. తుంగభద్ర ఆనకట్ట, రాణిగారి స్నానశాల, హజారరామాలయం, కమల మహలు, ఏనుగుల శాల, ఉగ్రనరసింహుడు, విరూపాక్షాలయం, చివరగా విఠలాలయం. రాతిరథం ఉన్నది ఆ చివరి దానిలోనే.

బయలుదేరేసరికి తొమ్మిదయింది. ఆనకట్ట దగ్గర రెండు గంటలు గడిచాయి. మూడో చోటికి చేరేసరికే అవ్వ మోకాళ్ళు మొరాయించాయి. "మీరు చూసి రాండి, నేను కారులో కూర్చుంటా" అన్నది. విఠలాలయం వద్దకు చేరేటప్పటికి వేళ మించిపోయింది. టిక్కెట్లు ఇవ్వడం ఆపివేశారు. కార్లు ఆపే చోటు నుండి గుడి ఇంకా కిలోమీటరు దూరం ఉంటుందన్న సంగతి కూడ వారికి అప్పుడే తెలిసింది.

తిరుగు దారిలో చీకటి పడింది. తోరణగల్లు దగ్గర పడడంతో ఇనుప ఖనిజం, ఉక్కు మోసే లారీలు బారులు తీరి ఉన్నాయి. ఒకచోట వెనుక దీపాలు లేని లారీ రోడ్డు పక్కన ఆగి ఉన్నది. నాయన దానిని చాలా దగ్గరకు వచ్చేదాకా చూడలేదు. బ్రేకు గట్టిగా వేయడంతో కారు అడ్డంగా తిరిగి ఆగింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. కాని ఆ తరువాత ఇల్లు చేరేవరకు ఎవరూ మాట్లాడలేదు. ఇంటికి వచ్చి దిగుతూనే అవ్వ కళ్ళు తిరిగి అరుగు మీద కూర్చుండిపోయింది. ఆమె పొద్దున్నుంచి ఒక్క చుక్క నీళ్ళు త్రాగలేదని అప్పుడు బయటపడింది. "దారిలో దిగాల్సి వస్తే ఎక్కడ దిగేది? నా కోసం అందరూ ఆగాల్నా?" అన్నది.

మరుసటి ఏడు మళ్ళీ హంపి మాట వచ్చినప్పుడు అవ్వ, "మీరు పోయి రాండి. నేను ఇంటికి కాపలా ఉంటా" అన్నది. ఆ మాటలో కోపం లేదు. తాను నలుగురికీ బరువైనానని ఆమె అనుకుంటున్నదని పాపకు అర్థమయింది. ఆ రాత్రి ఆమె నాయన వ్రాసిన పాత కాగితం వెదికి తీసింది. అందులో చోట్ల పేర్లున్నాయి, వాటి మధ్య దూరాలున్నాయి. వేళలు మాత్రం ఎక్కడా లేవు.

పక్కింటి మామ చాలా ఏళ్ళు లారీ నడిపినవాడు. పాప కాగితం తీసుకొని అతని దగ్గరకు వెళ్ళింది. అతడు చూసి నవ్వాడు. "అందరూ ఇట్లాగే రాస్తారు పాపా. ముందు ఇంటికి రావలసిన గంట రాయి. అక్కడి నుండి వెనక్కి లెక్కపెట్టుకుంటూ పో. రోడ్డును కిలోమీటర్లతో కొలిస్తే మోసపోతావు. గంటలతో కొలువు" అన్నాడు.

దారులు రెండున్నాయి. ఒకటి కుడితిని, తోరణగల్లుల మీదుగా హొసపేట చేరే 67వ నంబరు జాతీయ రహదారి. 2010లో దేశమంతటా రహదారుల నంబర్లు మార్చినప్పుడు పాత 63వ నంబరు రోడ్డు ఇందులో కలిసింది. హుబ్బళ్ళి వైపు నుండి వచ్చే ఈ రోడ్డు బళ్ళారి దాటి గుత్తి, నెల్లూరుల మీదుగా కృష్ణపట్నం రేవు వరకు పోతుంది. రెండోది కురుగోడు, కంప్లి మీదుగా పోయే రాష్ట్ర రహదారి. మైలురాయి తలకట్టు పసుపు రంగైతే జాతీయ రహదారి అని, ఆకుపచ్చ రంగైతే రాష్ట్ర రహదారి అని మామ గుర్తు చెప్పాడు. కంప్లి దారిలో తుంగభద్ర కాలువల కింద వరిపొలాలు కనుల పండుగగా ఉంటాయి. లారీలు తక్కువ. కాని కోతల కాలంలో ట్రాక్టర్లు, బండ్లు అడ్డం వస్తాయి. రోడ్డు మీదనే వడ్లు ఆరబోస్తారు. ఊరూరా వేగనిరోధకాల మీద ఎగిరిపడితే అవ్వ నడుము తట్టుకోలేదు. పైగా, "ఆడవాళ్ళు దిగడానికి చోటు ఏ దారిలో ఉన్నది?" అని అమ్మ అడిగింది. పాత కాగితంలో ఎవరికీ తోచని ప్రశ్న అది. పెద్ద రోడ్డు మీద పెట్రోలు బంకులు, హోటళ్ళు ఎక్కువ. చివరకు ఆ ప్రశ్నే దారిని నిర్ణయించింది. లారీల రద్దీ ఉన్నా, వెలుతురు ఉండగానే వెళ్ళి రావాలనే నియమంతో జాతీయ రహదారినే ఎన్నుకున్నారు.

పాప కొత్త కాగితం తీసి అడుగు నుండి పైకి వ్రాసింది. డిసెంబరులో ఆరు గంటలకు చీకటి పడుతుంది. ఆరు లోపల ఇల్లు చేరాలి. దారికి రెండు గంటలు, మధ్యలో ఆగడానికి అరగంట, అనుకోనివాటికి మరో అరగంట. అంటే హంపిలో మూడింటికి కారు ఎక్కాలి. పొద్దున ఆరున్నరకు బయలుదేరితే, దారిలో అరగంట ఫలహారానికి పోగా, తొమ్మిదికి హంపి చేరవచ్చు. హంపిలో దొరికేది ఆరు గంటలు. అందులో విఠలాలయానికి బ్యాటరీ బండ్ల కోసం నిలబడే వేళతో కలిపి రెండున్నర గంటలు. భోజనానికి, అవ్వ విశ్రాంతికి ఒక గంట. ఒక చోటి నుండి మరొక చోటికి కారులో తిరగడానికి, ఖాళీగా ఉంచడానికి మరో గంట. మిగిలింది గంటన్నర.

ఎనిమిది చోట్లకు బదులు రెండే మిగిలాయి. తమ్ముడు ఏడుపు మొహం పెట్టాడు. అతనికి ఆనకట్ట, ఏనుగుల శాల రెండూ కావాలి. 1953లో పూర్తయిన ఆ ఆనకట్టను చూడాలంటే దానికే ఒక పూట కేటాయించాలని, మళ్ళీ వద్దామని నాయన నచ్చజెప్పాడు. ఆ గంటన్నరలో ఏది చూడాలో ఎన్నుకొనే హక్కు తమ్ముడికే ఇచ్చారు. అతడు ఉగ్రనరసింహుణ్ణి ఎన్నుకున్నాడు. దాని వరకు కారు పోతుంది, దగ్గరలోనే కృష్ణాలయం కూడ ఉంది కనుక ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

పాప ఆ కాగితాన్ని అవ్వకు చదివి వినిపించింది. ఎక్కడెక్కడ దిగుతారో, ఎక్కడ మరుగుదొడ్డి ఉన్నదో, చక్కెర వ్యాధి మాత్ర ఏ గంటకు వేసుకోవాలో అందులో వ్రాసి ఉన్నది. అవ్వ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఇదంతా నా కోసం రాసినావా?" అని అడిగింది. "కాదవ్వా, అందరి కోసం. పోయినసారి అందరమూ అలసిపోయినాము" అన్నది పాప.

ముందురోజు సాయంత్రం నాయన మామను తోడు పిలిచి కారును పరీక్షించాడు. నాలుగు చక్రాలలో గాలి, ముందు వెనుక దీపాలు, బ్రేకులు, కాగితాలు చూశారు. వెనుక డిక్కీలోని అదనపు చక్రంలో అసలు గాలే లేదు. దానికి గాలి పట్టించారు. జాకీని ఒకసారి ఎత్తి చూశారు. అంబులెన్సుకు 108, జాతీయ రహదారి సహాయానికి 1033 నంబర్లను పాప కాగితం మీద పెద్ద అక్షరాలతో వ్రాసింది. అమ్మ చిత్రాన్నం, పెరుగన్నం కట్టింది. తమ్ముడు ఐదు నీళ్ళ సీసాలు నింపాడు. అవ్వ సీసాకు ఎర్రదారం కట్టాడు.

ఆదివారం ఆరున్నరకు కారు కదిలింది. రోడ్డు పక్కన బోర్డు మీద "నిధానవాగి చలిసి" అని కన్నడంలో ఉన్నది. తమ్ముడు పైకి చదివి, "మన అక్షరాల మాదిరే ఉన్నాయి, మన నిదానమే ఇది" అన్నాడు. తోరణగల్లులో ఆగి ఫలహారం చేశారు. హోటలువాడు ఒగ్గరణె అన్నాడు, అవ్వ ఉగ్గాని అన్నది. పళ్ళెంలోకి వచ్చింది ఒకటే.

హొసపేట ఇంకా కొంత దూరముందనగా వెనుక చక్రం పంక్చరయింది. నాయన కారును రోడ్డు దింపి ఆపాడు. అందరూ దిగి దూరంగా చెట్టు కింద నిలబడ్డారు. చక్రం మార్చడానికి ముప్పై నిమిషాలు పట్టింది. "ఆలస్యమైపోయింది కదా" అని అమ్మ కంగారుపడితే, పాప కాగితం చూసి, "ఖాళీగా ఉంచిన అరగంట ఇదేనమ్మా" అన్నది.

విఠలాలయానికి అప్పటికే జనం రాసాగారు. గెజ్జల మండపం దగ్గర వరుసలో నిలబడి బ్యాటరీ బండి ఎక్కారు. అవ్వ ముందు సీటులో కూర్చున్నది. గుడి ఆవరణలో అడుగు పెట్టగానే ఎదురుగా రాతిరథం కనిపించింది. అవ్వ కొంగు ముడి విప్పి నోటు తీసి, ఒకసారి దానివంకా, ఒకసారి రథంవంకా చూసింది. నిజానికి అది గరుడునికి కట్టిన గుడి. ఒకే రాయిలా కనిపించినా ఎన్నో రాళ్ళను అతుకు తెలియకుండా కూర్చి కట్టారు. సంగీతం పలికే స్తంభాలను ఇప్పుడు ఎవరూ తాకకూడదు. విజయనగర రాజుల శాసనాలు కన్నడంలోను, తెలుగులోను, తమిళంలోను, సంస్కృతంలోను ఉన్నాయని నాయన చెప్పాడు. అవ్వ ఒక మండపం నీడలో కూర్చొని రథాన్ని చూస్తూ ఉండిపోయింది. ఎవరూ ఆమెను లెమ్మని తొందరపెట్టలేదు. ఎర్రదారం కట్టిన సీసాలో నీళ్ళు సగానికి తగ్గాయి.

మధ్యాహ్నం ఉగ్రనరసింహుని ముందు తమ్ముడు తల వెనక్కి వాల్చి చూశాడు. ఒకే బండలో తొలచిన ఆ విగ్రహం ఎత్తు 6.7 మీటర్లు. కృష్ణదేవరాయల కాలంలో 1528లో దానిని ప్రతిష్ఠించారు. ఉదయగిరి దుర్గాన్ని గెలిచిన గుర్తుగా ఆయనే కట్టించిన కృష్ణాలయం చూసేసరికి మూడు కావచ్చింది. కమల మహలు అక్కడికి దూరమేమీ కాదు. "ఒక్క పది నిమిషాలు" అని ఈసారి అడిగింది తమ్ముడు కాదు, నాయన. పాప కాగితం మడిచి ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఒక క్షణం ఆలోచించి కారు తాళం తీశాడు.

తోరణగల్లు దాటేటప్పుడు లారీలు పోయినసారివలెనే బారులు తీరి ఉన్నాయి. రోడ్డు పక్కన ఆగినవీ ఉన్నాయి. కాని వెలుతురులో అవన్నీ దూరం నుండే కనిపించాయి. ఐదున్నర దాటిన కొద్దిసేపటికి కారు కౌల్‌బజారు చేరింది. మేనమామ వాకిట్లోనే ఎదురుచూస్తున్నాడు.

అవ్వ ఎవరి చేయీ పట్టుకోకుండా కారు దిగింది. అరుగు మీద కూర్చొని కాళ్ళు చాపుకొని, "పాపా, ఆ కాగితం పారేయొద్దు. వెనకపక్క ఖాళీగా ఉంది కదా, దాని మీద ఆనకట్టకు రాయి. పిల్లోడు అడిగినాడు. నేనూ వస్తా" అన్నది.