పొరుగింటి తోడు
మైపాడు తీరమందలి మా యిండ్లలో పాలకు తోడు లేకున్న పొరుగింటికి పోవుట వాడుక. కంప్యూటరునకు ఆజ్ఞలు, అనగా కోడు, వ్రాయువారికిని అట్టి వాడుకయే కలదు. ఒకరు వ్రాసినది వేవురు తెచ్చుకొందురు. 2021 డిసెంబరులో లాగ్‌4జే యను అట్టి కోడులో పెద్ద లోపము బయటపడెను. దానిని నడుపువారు ఆ నెలలోనే పలుమార్లు సవరించిరి. సవరించిన ప్రతిని తెచ్చుకొన్నవారికెల్ల ఆ లోపము తొలగెను.

ఇప్పుడు కృత్రిమ మేధ అడిగినదే తడవుగా ఎవరికి వారికి క్రొత్త కోడు వ్రాసియిచ్చుచున్నది. (అదియు వేవురి వ్రాతలు చదివి నేర్చినదే సుమా!) ఈ కొలువులలోనున్న మా ఆడపడుచులు శ్రమ తగ్గెనని సంతసించుట మాకును సంతసమే. కాని సోదరీమణులారా, ఒకే తప్పు వేయి యిండ్లలో వేయి రూపముల దాగియున్న, దిద్దుటకు ఎవరు వత్తురు? యంత్రము వ్రాసిన ప్రతి పంక్తిని చదివి చూచు తీరికను యజమానులు మా పిల్లలకు ఇత్తురా?