ప్రేయర్ అంటే నమాజా, దువానా?

హైదరాబాద్ పాతబస్తీలోని ఒక మదరసాలో సాయంత్రపు అసర్ నమాజు తర్వాత గంటసేపు ఇంగ్లిష్ క్లాసు జరుగుతుంది. నేను వెళ్లిన రోజు వ్యాకరణం కాదు, అనువాదం చెబుతున్నారు. బోర్డుకు ఒక పక్క నమాజ్, దువా, రోజా, జకాత్, సదఖా అని ఉర్దూలో ఐదు మాటలు. రెండో పక్క పిల్లలు చెప్పిన ఇంగ్లిష్ మాటలు మూడే: ప్రేయర్, ఫాస్టింగ్, చారిటీ. నమాజూ దువా రెండూ ప్రేయర్‌లో కలిసిపోయాయి, జకాతూ సదఖా రెండూ చారిటీలో కలిసిపోయాయి.

కలిసిపోయినవి చిన్నాచితకా తేడాలు కావు. నమాజు రోజుకు ఐదుసార్లు, వుజూ (కాళ్లూ చేతులూ ముఖమూ కడుక్కోవడం) చేసుకుని, ఖిబ్లా (మక్కాలోని కాబా దిశ) వైపు తిరిగి చేసేది. దువా ఎప్పుడైనా, ఏ భాషలోనైనా దేవుణ్ణి వేడుకునేది. సదఖా ఇచ్చేవాడి ఇష్టం. జకాత్ అలా కాదు. నిసాబ్ అనే హద్దు దాటిన సొమ్ము ఏడాది నిలిస్తే అందులో 2.5 శాతం ఇచ్చి తీరాలి. దాన్ని చారిటీ అనడం బాకీ తీర్చినవాణ్ణి దాత అని పొగడటం లాంటిది. అందుకే అనువదించిన మాటను ఒకసారి వెనక్కి తిప్పి చూడాలంటాను. ఫాస్టింగ్‌ను తిప్పితే రోజాయే వస్తుంది. నీళ్లు కూడా ముట్టరని ఒక ముక్క చేరిస్తే సరి. చారిటీ మాత్రం ఏ గుమ్మం తొక్కాలో తెలియక వీధిలోనే నిలబడుతుంది. ఇల్లు చేరే మాటను అనువదించాలి. దారి తప్పే మాటను ఉన్నదున్నట్టు ఉంచి, పక్కనే వివరణ ఇవ్వాలి.

ఈ తంటా ఈ ఊరికి కొత్త కాదు. 1925లో హైదరాబాద్ వచ్చి చాదర్‌ఘాట్ హైస్కూలును నడిపిన మార్మడ్యూక్ పిక్తాల్, 1930లో ఖురాన్‌ను ఇంగ్లిష్‌లో వెలువరించారు. అది ఖురాన్ కాదు, దాని అర్థం మాత్రమేనని పుస్తకం పేరులోనే ఒప్పుకున్నారు. జకాత్‌ను చారిటీ అనకుండా, పేదలకు చెల్లించాల్సిన బాకీ అని స్ఫురించేలా 'పూర్ డ్యూ' అన్నారు. అల్లాహ్‌ను మాత్రం గాడ్ అనలేదు. అక్కడ నాకు ఆయనతో పేచీ ఉంది. అరబ్బు క్రైస్తవులు కూడా దేవుణ్ణి అల్లాహ్ అనే పిలుస్తారు. అర్థం తెలియని శ్రోతకు ఆ మాట ఇంకో దేవుడి పేరులా వినపడుతుంది.

ఉర్దూ మాటలు అలాగే ఉంచేస్తే పిల్లలకు వచ్చిన ఇంగ్లిష్ ఏపాటిదని అడగొచ్చు. రేపు ఇంటర్వ్యూ చేసేవారికి జకాత్ అంటే ఏం తెలుస్తుంది? వివరణ లేకుండా వదిలేస్తే ఆ ఆక్షేపణ న్యాయమే. కానీ మాటకు మాట బదులు పెట్టడం కంటే వివరణ రాయడానికే ఎక్కువ ఇంగ్లిష్ కావాలి. క్లాసు ముగిసేముందు ఒక పిల్లవాడు బోర్డు మీద జకాత్‌కు వివరణ రాశాడు: ముస్లిం తన పొదుపులో ఒక భాగాన్ని ఏటా 'కెన్ గివ్' అని. మాస్టారు 'కెన్' చెరిపి 'మస్ట్' రాశారు. సదఖాకూ జకాత్‌కూ ఉన్న తేడా అంతా ఆ చెరిపిన చోటే ఉంది. వ్యాకరణ పాఠం కూడా అక్కడే అయిపోయింది.