ప్రచార రథం ఆగని చోట

ఓట్ల కాలంలో అభ్యర్థులను చూడాలని హైదరాబాద్ నుంచి వచ్చే మిత్రులు కరీంనగర్‌లో పెద్ద సభ చూసి తిరిగి పోతుంటారు. సభలో నాయకుడు కనబడతాడు, ఊరు కనబడదు. నేనైతే జగిత్యాల జిల్లాలోని మా బుగ్గారం నుంచి బయలుదేరమంటాను.

ఒకప్పుడు మా ఊరి పేరు మీద శాసనసభ నియోజకవర్గమే ఉండేది. జువ్వాడి రత్నాకర్‌రావు ఇక్కడ గెలిచే దేవాదాయ మంత్రి అయ్యారు. ఊరవతల జీపు మైకు వినబడితే చాలు, పిల్లలమంతా రంగు కాగితాల కోసం ఉరికేవాళ్లం. అభ్యర్థి దిగి పెద్దమనుషులను వరస పెట్టి పిలిచి, అరుగు మీద కూర్చుని చాయ్ తాగేవాడు. కాలువ నీళ్ల సంగతి, రోడ్డు సంగతి మొహం మీదే అడిగేవాళ్లు. నియోజకవర్గాల పునర్విభజన తర్వాత 2009 ఎన్నికల నాటికి బుగ్గారం పోయి, ఎస్సీ రిజర్వుడు స్థానంగా ధర్మపురి వచ్చింది.

పేరు పోయినా ఇక్కడి ఓటుకు బరువు తగ్గలేదు. 2018లో ధర్మపురిలో కొప్పుల ఈశ్వర్ అడ్లూరి లక్ష్మణ్‌కుమార్ మీద గెలిచింది 441 ఓట్లతో. ఆ లెక్కింపు వివాదం హైకోర్టు దాకా పోయింది. 2023లో అదే లక్ష్మణ్‌కుమార్ దాదాపు 22 వేల ఆధిక్యంతో గెలిచారు. 441 అంటే ఒక్క పోలింగ్ కేంద్రం ఓట్లు కూడా కావు. అందుకే ఇంటింటి ప్రచారం ఎట్లుంటదో చూడాలంటే ఈ మండలాల్లోనే చూడాలి. పొద్దుగాలే రావాలి, కూలికి పోయేవాళ్లు గడప దాటక ముందే అభ్యర్థి వాడలో ఉంటాడు.

జగిత్యాలలో ఎక్కువసేపు ఉండక్కర్లేదు. 2023 అక్టోబరులో బస్సు యాత్రగా వచ్చిన రాహుల్ గాంధీ కరీంనగర్–జగిత్యాల దారిలో నూకపల్లి దగ్గర టిఫిన్ బండి ముందు ఆగి దోసె పోశారు, ఆ ఫొటోలు అందరూ చూశారు. జగిత్యాలలో ఆయన చెప్పిన మాట మాత్రం చాలామందికి గుర్తులేదు: మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ తెరిపిస్తామన్నారు.

ఆ మాట పట్టుకుని 63వ నంబరు జాతీయ రహదారి మీద కోరుట్ల దాటి, మెట్‌పల్లి దగ్గర ముత్యంపేటకు తిరగాలి. ఇది నిజాం చక్కెర కర్మాగారాల్లో ఒకటి. 2002లో చంద్రబాబు ప్రభుత్వం 51 శాతం వాటా ప్రైవేటు కంపెనీకి ఇచ్చింది. మళ్లీ సర్కారు చేతికి తీసుకుంటామని తెరాస ఎన్నికల్లో చెప్పింది. ఆ పార్టీ అధికారంలో ఉండగానే 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి గేట్లు మూశారు. చెరకు ఎండుతుంటే రైతు ఎవరి గేటు ముందు నిలబడాలి? దూరపు మిల్లులకు తోలుకుపోతే కిరాయికే చాలా పోతుంది. చెరకు వదిలి వరికి, పసుపుకు మళ్లినవాళ్లు ఎందరో. కార్మికుల జీతం బకాయిల మాట ప్రతి ఎన్నికలో వేదిక ఎక్కింది, ప్రతి ఎన్నిక తర్వాత దిగిపోయింది. 2024 జనవరిలో కొత్త ప్రభుత్వం ఫ్యాక్టరీల మీద కమిటీ వేసింది. ఇన్నేళ్లకు కమిటీ వేయడమే గొప్పగా వినిపించడం నాకు కోపం తెప్పిస్తుంది.

రైతుల కోపం ఒకసారి బ్యాలెట్ మీదికే ఎక్కింది. 2019లో నిజామాబాద్ లోక్‌సభ బరిలో 185 మంది నిలబడ్డారు, వాళ్లలో 178 మంది రైతులు. పసుపు బోర్డు కావాలి, పసుపుకు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర కావాలి అని నామినేషన్లు వేశారు. జగిత్యాల, కోరుట్ల కూడా ఆ నియోజకవర్గంలోవే. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు పేర్చాల్సి వచ్చింది. అప్పటి ఎంపీ కవిత ఓడారు, బోర్డు తెస్తానని బాండు పేపరు రాసిచ్చిన ధర్మపురి అర్వింద్ గెలిచారు. బోర్డు 2025 జనవరిలో మొదలైంది. ఆ రైతులను ఓట్లు చీల్చేవాళ్లన్నారు. బోర్డు మాట దేశమంతా వినబడేలా చేసింది మాత్రం వాళ్లే.

సిరిసిల్లకు వేరే రోజు పెట్టుకోండి. జెండాలు, కండువాల గుడ్డ నేసే మరమగ్గాల చప్పుడు వినాలి. అంతకు ముందే, మధ్య మానేరు జలాశయం కింద ఊళ్లు పోయినవాళ్లతో మాట్లాడాలి, దానికి ఒక పూట చాలదు. ఈసారికి ముత్యంపేటలోనే ఆగండి. అభ్యర్థి వాహనం మెట్‌పల్లి మీదుగా ఆర్మూరు వైపు పోతే పోనివ్వండి. చెరకు రైతును ఎన్ని ఎకరాలు ఉండేదో, ఇప్పుడెంత మిగిలిందో అడిగి రాసుకోండి. మర్నాడు రోడ్‌షోలో అభ్యర్థి చేతికి అందేంత దూరంలో ఉన్నప్పుడు ఆ లెక్క చదివి, గేటు ఏ నెలలో తెరుస్తారో చెప్పమనండి.